కొత్త బ్యాచ్‌ను గండికోటకు తీసుకెళ్లాలా, కడప ఊరు చూపించాలా?

పెన్నఒడ్డు:
యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. కొత్తగా చేరిన జూనియర్ల కోసం మా డిపార్ట్‌మెంట్ ఒక ఆదివారం బస్సు మాట్లాడుతోంది. ఎక్కడికి అనగానే అందరూ గండికోట అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ రోజంతా కడపలోనే తిరగాలన్నది నా వాదన.

ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, రాతప్రతులు సేకరించి, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించింది ఆయనే. ఆ బంగళా ఉన్న చోట గ్రంథాలయం లేవడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పడిన శ్రమ ఇంతా అంతా కాదు. ఇప్పుడది మన యూనివర్సిటీ కిందే ఉంది. అయినా వేమన పేరున్న పట్టా చేతపట్టుకుని, ఆ గడప తొక్కకుండానే ఊరు వదిలిపోయేవాళ్లను చూస్తున్నాను. నాకు నిజంగా బాధేస్తుంది.

అక్కడి నుంచి దేవుని కడప, ఆ తర్వాత అమీన్ పీర్ దర్గా. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి స్వామి భార్యగా, తమ ఇంటి ఆడపడుచుగా భావించే బీబీ నాంచారమ్మ పేర వెంకటేశ్వరస్వామిని దర్శించుకుంటారు. ఈ ఊళ్లో రెండేళ్లు ఉండబోయే పిల్లలకు ముందు ఇది తెలియాలి.

ఎర్రమల:
అన్నా, నేను శ్రీకాకుళం నుంచి వచ్చి చదువుకున్నాను. బస్సు దొరికినప్పుడు దూరమే పోవాలి. కడప నుంచి గండికోట 80 కిలోమీటర్ల పైమాట. సొంతంగా పోవాలంటే జమ్మలమడుగులో దిగి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. ఎర్ర బండల మధ్య పెన్న కోసుకుపోయిన ఆ లోయను మా వైపు వాళ్లు ఫోటోల్లో తప్ప చూడలేదు. ఊళ్లోని గ్రంథాలయానికి ఏ శనివారమైనా పోవచ్చు.

పెన్నఒడ్డు:
తమ్ముడూ, ఏ శనివారమైనా పోవచ్చు అనుకునే ఎవరూ పోవడం లేదు. గండికోట ట్రిప్ ఎట్లా జరుగుతుందో కూడా చూశాను. చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. దిగీదిగగానే లోయ అంచుకు పరుగు. రెయిలింగ్ లేని చోట బండ చివర నిలబడి సెల్ఫీలు, వెంట వచ్చిన సార్లకు టెన్షన్. మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, దాని పక్కన అంత పెద్ద ధాన్యాగారం, వీటిలోకి తొంగిచూసేవాళ్లు తక్కువ. గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా ఈ కోటలో ఫిరంగులు పోత పోయించిన సంగతిని 1652లో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. ఆ మాట చెప్పేవాళ్లు బస్సులో ఎవరైనా ఉంటారా?

హాస్టల్_గేటు:
అన్నా, మీరు చెప్పిందంతా నిజమే. కానీ అమ్మాయిల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఎర్రముక్కపల్లెకు నేను ఒక్కదాన్నే ఆటోలో పోయి సాయంత్రంలోపు వచ్చేశాను. ఎవరూ వద్దనలేదు. అదే గండికోటకు నలుగురు స్నేహితురాళ్లం కలిసి పోతామంటే మా నాన్న పంపడు, హాస్టల్‌లో పర్మిషన్ ఇవ్వరు. డిపార్ట్‌మెంట్ లెటర్, వెంట మేడమ్‌లు ఉంటేనే కదులుతాం. అబ్బాయిలకు బైకుంది, బుద్ధి పుట్టినప్పుడు పోతారు. మాలో చాలామందికి ఈ బస్సు తప్పిపోతే ఆ కోట మళ్లీ లేదు, పెళ్లయ్యాక ఏ ఊరికి పోతామో ఏమో. ఫోటోలు దిగేది మేమే అనుకోవద్దు. ధాన్యాగారం లోపల ఆ చల్లదనంలో నిలబడాలని నాకెంతో కోరిక.

సిద్ధవటంవాడు:
రెండూ కాక మా ఊరు ఉంది కదా! మట్లిరాజుల కోట, పెన్న ఒడ్డునే. బద్వేలు దారిలో దగ్గరే, సగం రోజు చాలు.

పాతపాఠం:
చరిత్ర పాఠాలు చెబుతాను కాబట్టి ఒక మాట. గండికోటకు ఎర్రగుంట్ల మీదుగా వెళ్లండి, కలమళ్లలో ఆగండి. మనకు దొరికినంతలో మొట్టమొదటి తెలుగు శాసనం, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది, ఆ ఊళ్లో బయటపడిందే. క్రీ.శ. 575 ప్రాంతానిది. అప్పటిదాకా రాజుల శాసనాలు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో ఉంటే, ఈయన తెలుగులో వేయించాడు. తెలుగు ఎంఏ పిల్లలను దానికి అంత దగ్గరగా తీసుకెళ్లి కూడా ఆపకుండా దాటించడం తప్పు. ఎండాకాలం మాత్రం పెట్టుకోకండి, డిసెంబరైతే నడవగలరు.

పెన్నఒడ్డు:
హాస్టల్ చెల్లెలు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. బస్సు గండికోటకే పోనీ. కానీ కలమళ్ల దాటేసి నేరుగా లోయకు పోతామంటే నా ఓటు పడదు.

ఎర్రమల:
కలమళ్లలో అరగంట ఇద్దాం. సాయంత్రం ఎండ ఎర్రబండల మీద పడేదాకా మాత్రం లోయ దగ్గరే ఉండాలి.

పెన్నఒడ్డు:
అరగంట చాలదు, గంటన్నర కావాలి. శాసనం గురించి బస్సులో మైకు పట్టుకుని చెబితే ఎవరూ వినరు, అది బయటపడిన కలమళ్ల గుడి దగ్గర దిగి నిలబడి చెప్పాలి. పాతపాఠం సార్, మీరే వచ్చి చెబుతారా? మీరు సరేనంటే రేపే హెచ్‌ఓడీ గారిని అడుగుతాను. బ్రౌన్ గ్రంథాలయానికి వేరే రోజు నడుపుతాను. అది ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కుని ఇక్కడే పెడతాను, వచ్చేవాళ్లు పేర్లివ్వండి.

హాస్టల్_గేటు:
నా పేరు రాసుకోండి అన్నా. మా రూములో ఇంకో ముగ్గురున్నారు.