మేత బీడులో సున్నపు గట్టి పొర: పగలగొట్టాలా?

ప్రశ్న: అనంతపురం వైపు గొర్రెల మేత బీడు. పైన అడుగున్నర ఎర్ర గరుసు నేల, కింద గునపం దిగని తెల్ల పొర. జిప్సం వేస్తే కరుగుతుందా? లేక జేసీబీతో లేపాలా?

జవాబు 1: ముందు అదేంటో తేల్చుకోండన్నా. ఎండిన ముక్కను రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. విడిపోతే వట్టి గట్టిపడిన మట్టే. విడిపోకపోతే పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేయండి. బుసబుసమని పొంగితే సున్నం. జిప్సం సోడియం చౌడుకు మందు. సున్నంలో లాగే అందులో ఉన్నదీ కాల్షియమే, కాబట్టి సున్నాన్ని కరిగించదు. డబ్బు దండగ.

జవాబు 2: బీడంతా లేపొద్దు. గడ్డి వేళ్లకు అడుగున్నర చాలు. సున్నపు పెళ్లలు పైకొస్తే భాస్వరం, ఇనుము, జింకు మొక్కకు సరిగా అందవు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. అంజన్ గడ్డి ఇలాంటి నేలను తట్టుకుంటుంది. ఇంకో సంగతి, ఈ పొర ఎంత గట్టిదైనా కొంత నీరు పీల్చుకుంటుంది. అమెరికాలో న్యూ మెక్సికో జోర్నాడా బీళ్లలో పరిశోధకులు గమనించిందీ ఇదే: వాన నీటిని పట్టి ఉంచి, తర్వాత గడ్డికి అందిస్తుంది.

జవాబు 1: చెట్ల లెక్క వేరు. వేప, సుబాబుల్ పెట్టే చోట పొర దాటేదాకా గుంత తీయాలి. సగంలో ఆపితే తొట్టిలా నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. తీసిన తెల్ల ముక్కలు మళ్లీ గుంతలో వేయకండి.

జవాబు 2: పైమట్టి అడుగు కంటే తక్కువున్న చోట మంద తగ్గించండి. అది కొట్టుకుపోతే మిగిలేది సున్నపు బండే.