హనుమకొండలో మూలమీది పాత కల్లు మండువకు పూర్వ వైభవం తీసుకురావడం ఎలా?

ప్రశ్న (హనుమకొండ నుండి)
రెండు వీధులు కలిసే మూలమీద మా తాతగారు నిజాం కాలంలో కట్టించిన కల్లు మండువ (కల్లు అమ్మే, కూర్చుని తాగే చోటు) ఉంది. డంగు సున్నపు (గానుగలో నూరిన సున్నపు) మందపాటి గోడలు, టేకు దూలాలు, బెంగుళూరు పెంకుల కప్పు, గోడ పొడవునా కూర్చునే రాతి అరుగు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. అయితే ఆ గోడలకు తరువాతి కాలంలో సిమెంటు పూత వేయించినప్పటి నుండి మోకాలెత్తు వరకు చెమ్మ ఎక్కి, పూత ఉబ్బి, తెల్లని ఉప్పు రాలుతోంది. కూల్చి స్లాబు వేయమని బంధువులు అంటున్నారు. నాకు మాత్రం ఆ అరుగు మీద మళ్లీ జనం కూర్చోవాలని ఉంది. పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (పాత కట్టడాల పనిచేసే వ్యక్తి, వరంగల్)
దయచేసి కూల్చకండి. నేల చెమ్మను సున్నపు గోడ పీల్చుకున్నా, ఆ తేమ పైపూత గుండా ఆరిపోతుంది; సిమెంటు ఆ దారిని మూసివేయడం వల్లనే నీరు లోపల నిలిచి, ఉప్పు పేరుకొని పూతను తోసేస్తోంది. సిమెంటును సుత్తి, ఉలితో నెమ్మదిగా ఒలిపించి, గోడను బాగా ఆరనివ్వండి. ఆ తరువాత నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో గానుగాడించి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు కలిపి పలుచని పొరలుగా పూయించండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకొని మెల్లగా గట్టిపడుతుంది కనుక, ఎండకు త్వరగా ఆరకుండా తడి గోనెపట్టాలు కప్పాలి. నడి వేసవిలో ఈ పని పెట్టుకోవద్దు. ముందుగా ప్రతి దూలానికీ, తలుపుకూ ఫొటోలు తీసి గుర్తులు రాసుకోండి. మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి ఊడదీసి, తిరిగి నిలబెట్టి 2024లో తెరిచిన సంగతి మీకు తెలిసిందే.

సమాధానం (కల్లు గీసే కుటుంబం, పరకాల)
అన్నగారూ, గోడలు బాగుపడినంత మాత్రాన మండువకు పేరు రాదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు కలిపిన కల్లు ఎందరి ఆరోగ్యాన్ని చెడగొట్టిందో మనమందరం చూశాము. పొద్దున చెట్టు నుండి దించిన లొట్టిలో తీయగా ఉన్న కల్లు సాయంత్రానికి సహజంగానే పులుస్తుంది, దానికి ఏ మందూ అవసరం లేదు. మీ ఊరి గీత కార్మికుల సొసైటీతో మాట్లాడి, ఏ పూట దించిన కల్లును ఆ పూటే, దొరికినంతే అమ్మండి. పక్కన బొబ్బెర్ల గుడాలు పెట్టించండి.

ప్రశ్నించినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. పగిలిన పెంకులు మార్చి కప్పు కారకుండా చూడటం ముందా, సిమెంటు ఒలిపించడం ముందా?

సమాధానం (వరంగల్)
కప్పే ముందు. పైనుండి నీరు దిగుతుంటే గోడ ఎన్నటికీ ఆరదు. పెంకులు తీసినప్పుడే దూలాల కొసలను, గోడలో దూరిన చోట, చెదలు పట్టాయేమో ఉలితో గుచ్చి చూడండి. కొస మాత్రమే పాడైతే ఆ మేరకు కోసి పాత టేకు ముక్కనే అతికించవచ్చు, దూలం మొత్తం మార్చనక్కరలేదు.