‘ఇదే నా ఆఖరి షో’ అని ఆర్జే మైకులో చెప్పొచ్చా?

అర్ధరాత్రి_గొంతు:
స్టేషన్ వదిలి వెళ్తున్న ఆర్జేకి శ్రోతలతో ఆ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలా, వద్దా? చాలాచోట్ల ఇవ్వరు. షో ముగించి స్టూడియో తలుపు తీయగానే మీటింగ్ రూమ్‌లోకి పిలిచి కాగితం చేతిలో పెడతారు. మర్నాడు అదే టైముకి ఇంకో గొంతు వస్తుంది.

నాకు ముందే చెప్పారు, అదొక అదృష్టం. రాత్రి షిఫ్ట్ ఎత్తేసి ఆ గంటలన్నీ వాయిస్ ట్రాకింగ్‌తో నడపాలని నిర్ణయించారు. అంటే పగలెప్పుడో మాటలు రికార్డు చేసి పాటల మధ్య పెడతారు. చివరి షోలో ఏం చెబుతానో రాసిమ్మంటే ఇచ్చాను. ‘రేపట్నుంచి ఈ టైములో వినిపించేది రికార్డింగ్’ అన్న వాక్యం కొట్టేసి, మిగతాది ఓకే అన్నారు.

ఆ రాత్రి వీడ్కోలు మాటల కంటే దానికి ముందు వేసిన పాటే బాగా గుర్తుంది. పాట ఇంకా ఎన్ని సెకన్లుందో స్క్రీన్ మీద తగ్గుతూ కనిపిస్తుంటుంది కదా, రోజూ చూసే అంకెలే, ఆ రోజు మాత్రం చూడలేక తల తిప్పుకున్నాను. మైకు తెరిచే మీట, అదే ఫేడర్, ఎత్తాక గొంతు మామూలుగానే వచ్చింది. తర్వాత ఒకాయన ఫోన్ చేశాడు. అంతకుముందెప్పుడూ చేసినవాడు కాదు. ‘మీ జోకులు నాకెప్పుడూ నచ్చలేదు. రేపట్నుంచి ఈ టైములో ఏం వినాలో అది చెప్పి వెళ్లండి’ అన్నాడు. నాకు దక్కిన మెప్పుల్లో అదే పెద్దది.

నా మాట ఒక్కటే. గంట అక్కర్లేదు, రెండు నిమిషాలివ్వండి.

కంట్రోల్_రూమ్:
నేను అటువైపు కూర్చునేవాణ్ణి, నన్ను తిట్టుకున్నా సరే. గాలిలోకి వెళ్లిన ప్రతి మాటకీ జవాబుదారీ లైసెన్సున్న స్టేషనే. ఉద్యోగం పోయిన కోపంలో ఉన్న మనిషి చేతికి లైవ్ మైకు ఎలా ఇస్తాం? 1993లో బ్రిటన్‌లో బీబీసీ రేడియో 1 ఆర్జే డేవ్ లీ ట్రావిస్, అక్కడి మార్పులు తన సిద్ధాంతాలకు సరిపడవంటూ షో మధ్యలోనే రాజీనామా ప్రకటించాడు. అలాంటిది ఒక్కసారి జరిగితే చాలు, పైవాళ్లకి నిద్రపట్టదు.

వింటూనే_ఉంటా:
మా వైపు నుంచి కూడా చూడండి సార్. రోజూ వినే గొంతు ఆగిపోతే మొదట సెలవనుకున్నాం. తర్వాత ఒంట్లో బాలేదేమో అనుకున్నాం. స్టేషన్ పేజీలో అడిగితే కామెంట్ తీసేశారు. ఆ తర్వాత మొదలైంది, ‘ఏదో తప్పు చేసే ఉంటాడు’ అని. పాపం ఆయన మీద లేనిపోని కథలు పుట్టింది మీరు నోరు మెదపకపోవడం వల్లే.

అర్ధరాత్రి_గొంతు:
కంట్రోల్ రూమ్ గారూ, కాలర్లు బూతులు మాట్లాడితే కత్తిరించడానికి లైవ్‌లో కొన్ని సెకన్ల డిలే పెడతారు, బటన్ కూడా ఉంటుంది. మాకూ అదే పెట్టండి. ఊరూ పేరూ తెలియని కాలర్‌ని లైవ్‌లోకి తీసుకుంటారు, ఏళ్ల తరబడి జీతమిచ్చిన మనిషిని మాత్రం నమ్మరు!

కంట్రోల్_రూమ్:
కాలర్ వెంట శ్రోతలు పోరు బ్రదర్, నీ వెంట పోతారు. కెన్ బ్రూస్‌ని చూడు. 2023లో బీబీసీ రేడియో 2 వదిలి గ్రేటెస్ట్ హిట్స్ రేడియోకి వెళ్తున్నాడని తెలిసింది. మార్చి నెలాఖరు దాకా చేస్తానన్నా మార్చి 3తోనే ముగించారు. ఆయన క్విజ్ ‘పాప్‌మాస్టర్’ కూడా ఆయనతోనే పోయింది.

వింటూనే_ఉంటా:
ఇప్పుడు అసలు సంగతి చెప్పారు. భయం తిట్లకి కాదు, మేం పక్క స్టేషన్‌కి పోతామని. అయినా ఆయనకి ఆఖరి షో ఇచ్చారు, వీడ్కోలు చెప్పనిచ్చారు. దాంతో రేడియో 2 ఏమైనా మూతపడిందా?

ఫ్యూజు_వైరు:
ఇంజనీర్‌గా ఒక్క మాట. ఏడుపొచ్చి మధ్యలో ఆగిపోతామని భయపడకండి, కాసేపు నిశ్శబ్దంగా ఉంటే సైలెన్స్ సెన్సర్ దానంతటదే బ్యాకప్ పాట ఎక్కిస్తుంది. చర్చలోకి నన్ను లాగొద్దు.

లాగ్_షీట్:
నాకు పర్మిషన్ ఇచ్చారు. చెప్పనని నేనే అన్నాను. ఆ పూట వినేవాళ్లలో ఒకరు బండి నడుపుతుంటారు, ఒకరు పరీక్షకి చదువుతుంటారు. వాళ్లు నా దగ్గరికి వచ్చింది పాట కోసం, నా ఉద్యోగం కబుర్ల కోసం కాదు. టైమ్ చెప్పాను, వాతావరణం చెప్పాను, రోజూ చెప్పే మాటతోనే ముగించాను. బీబీసీ రేడియో 2లో పేరుమోసిన టెర్రీ వోగన్, షో వదిలేస్తున్నానని 2009 సెప్టెంబరులో ప్రకటించి డిసెంబరు 18న ఆఖరి బ్రేక్‌ఫస్ట్ షో చేశాడు. అంతటివాడికి చెల్లుతుంది. మనం చెబితే సానుభూతి కోసం చెప్పినట్టుంటుంది.

అర్ధరాత్రి_గొంతు:
మీరు వద్దనుకోవడం వేరు అన్నా, వద్దని వాళ్లు అనడం వేరు. మీకు అడిగారు కాబట్టే కాదనగలిగారు. అందుకే ఒప్పందంలోనే రాయించుకోవాలంటాను. చేరే రోజున అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు, వెళ్లే రోజున అడిగితే గొడవకి వచ్చినట్టు చూస్తారు.

కంట్రోల్_రూమ్:
ముందే రికార్డు చేసి, మేం విన్నాక వేస్తామంటే నేను సంతకం పెడతా. లైవ్ అంటే పెట్టను.

లాగ్_షీట్:
రికార్డింగ్ వచ్చి మనిషిని పంపించేస్తుంటే, వీడ్కోలు కూడా రికార్డింగేనా? వద్దులే తమ్ముడూ, ఆ క్లాజు మాత్రం రాయించుకోకు.

అర్ధరాత్రి_గొంతు:
లేదన్నా, నేనైతే అదీ రాయించుకుంటా. కొట్టేసిన వాక్యం గురించి మాత్రం మళ్లీ బేరమాడతా.