శంకువు ఘనపరిమాణం సరిగ్గా వస్తోంది, ఉపరితల వైశాల్యం ఎందుకు తప్పుతోంది?

నమస్కారం అండి. ఇంటిగ్రేషన్ (సన్నని ముక్కలను కూడి మొత్తం కనుక్కునే పద్ధతి) సొంతంగా చదువుకుంటున్నాను. ఒకచోట రెండు రోజులుగా ఆగిపోయాను.

వై = 3ఎక్స్/4 అనే గీతను ఎక్స్ 0 నుంచి 4 వరకు తీసుకుని, ఎక్స్-అక్షం చుట్టూ తిప్పాను. వ్యాసార్థం 3, ఎత్తు 4, ఏటవాలు ఎత్తు 5 ఉన్న శంకువు వచ్చింది. సన్నని బిళ్లలుగా కోసి, పై × వై స్క్వేర్‌ను ఇంటిగ్రేట్ చేస్తే ఘనపరిమాణం 12పై. సూత్రంతో చూసినా అంతే. చాలా సంతోషం వేసింది.

అవే బిళ్లల అంచులను కూడితే వక్రతల వైశాల్యం రావాలి కదా అని 2పై × వై ని ఇంటిగ్రేట్ చేశాను. 12పై వచ్చింది. రావాల్సింది 15పై!

అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి డీఎక్స్ (బిళ్ల మందం) బదులు వాలు పొడవు వాడాలని పుస్తకంలో ఉంది. అలా చేస్తే 15పై వస్తోంది, ఒప్పుకుంటాను. కానీ ఘనపరిమాణానికి ఆ వాలు ఎందుకు అక్కర్లేదు? అక్కడా బిళ్ల అంచు నిటారుగా ఉందనే కదా అనుకున్నాం?

నాకు తోచింది ఇది. శంకువును ఎన్ ముక్కలు చేస్తే, శంకువును పూర్తిగా కప్పే బయటి బిళ్లల మొత్తం ఘనపరిమాణానికీ, శంకువులోనే ఇమిడే లోపలి బిళ్లల మొత్తం ఘనపరిమాణానికీ తేడా 36పై/ఎన్. ముక్కలు పెరిగేకొద్దీ అది సున్నాకు పోతుంది. వైశాల్యంలో మాత్రం ముక్క ఎంత సన్నదైనా వాలు పొడవుకూ మందానికీ ఉన్న 5/4 నిష్పత్తి అలాగే ఉండిపోతోంది. ఈ ఆలోచన సరైనదేనా? కొత్త లెక్క ఎదురైనప్పుడు, జవాబు తెలియకముందే ఏ పొరపాటు మాయమవుతుందో, ఏది మిగులుతుందో ఎలా గుర్తుపట్టాలి? సూత్రం కాదు, కారణం చెప్పండి, ప్లీజ్.