‘ఇటలీ ద్వారా’నా, ‘ఇటలీ ద్వారానే’నా?

మొన్న ఇక్కడ ‘-వచ్చు’ అంటే అనుమతా, అవకాశమా అన్న చర్చ చూశాక వుచాలే ఒప్పందం గుర్తొచ్చింది. 1889 మే 2న ఇథియోపియా చక్రవర్తి రెండో మెనెలిక్‌తో ఇటలీ తరఫున ఆంటొనెల్లి కుదుర్చుకున్నది. 17వ అధికరణం దగ్గరే గొడవంతా. పరాయి రాజ్యాలతో వ్యవహారాలకు చక్రవర్తి ఇటలీ సాయం ‘తీసుకోవచ్చు’ అని ఇథియోపియా వాళ్ల భాష అమ్హారిక్‌లోని ప్రతి. తీసుకోవడానికి ‘సమ్మతిస్తున్నారు’ అని ఇటాలియన్ ప్రతి.

ఇటాలియన్‌లో ‘తప్పనిసరి’ అని ఉందని చాలామంది చెప్పేస్తుంటారు. లేదండీ. అక్కడున్న క్రియ ‘కొన్సెంతె’. సమ్మతి అనగానే మెత్తగా, మన ఇష్టమే అన్నట్టు వినిపిస్తుంది. కానీ అద్దె అగ్రిమెంటులో ‘నెలరోజుల్లో ఖాళీ చేయుటకు సమ్మతించడమైనది’ అని సంతకం పెట్టాక, ఇష్టమైతేనే చేస్తానంటే ఓనరు ఊరుకుంటాడా?

సరదాకి ఆ ఇటాలియన్ వాక్యాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నా. ‘అన్ని వ్యవహారాలూ ఇటలీ ప్రభుత్వం ద్వారానే జరుపుటకు సమ్మతిస్తున్నారు’ అని రాశాక చూసుకుంటే, ‘ద్వారానే’లో ఆ ‘ఏ’ నేను కలిపిందే! మూలంలో ‘అన్ని’ ఉంది కానీ ‘మాత్రమే’ లేదు. ఇటలీ కూడా సరిగ్గా ఆ ‘ఏ’ కలుపుకునే చదివింది. ఇథియోపియా తన రక్షణలో ఉందని మిగతా రాజ్యాలకు చెప్పుకుంది. పట్టాభిషేకం సంగతి మెనెలిక్ నేరుగా రాస్తే, ఇకపై ఇటలీ ద్వారా మాట్లాడతామని విక్టోరియా రాణి నుంచి జవాబొచ్చింది.

— రెండు ప్రతుల్లో ఏది చెల్లుతుందండీ?

రెండూ చెల్లుతాయి, చిక్కంతా అదే. రెండూ అచ్చంగా ఒకటేనని, సమానమని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు! దేశాల మధ్య ఒప్పందాల నియమాలు చెప్పే 1969 నాటి వియన్నా ఒడంబడిక 33వ అధికరణం ఇలాంటప్పుడు ఒప్పందం ఉద్దేశాన్ని బట్టి, రెండు పాఠాలకూ బాగా పొసిగే అర్థం తీసుకోమంటుంది. మన దేశం చేసుకునే ఒప్పందాల చివర హిందీ, అవతలివాళ్ల భాష, ఇంగ్లీషు మూడూ సమానమేనని, తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుందని చాలాసార్లు రాసుకోవడం ఇందుకే.

— చివరికి ఏమైంది?

1893లో మెనెలిక్ ఒప్పందాన్ని కాదన్నాడు. 1896 మార్చి 1న ఉత్తర ఇథియోపియాలోని అద్వా దగ్గర ఇటలీ సైన్యం అతని సైన్యం చేతిలో ఓడిపోయింది. అక్టోబరులో అడిస్ అబాబాలో కొత్త ఒప్పందం రాసుకుని, వుచాలేని రద్దు చేసి, ఇథియోపియా స్వతంత్రమని ఇటలీ ఒప్పుకుంది.

నా వాక్యంలో ‘ఏ’ కొట్టేశాను. ‘జరుపుటకు’ బదులు ‘జరుపుకొనుటకు’ అంటే ఇంకా దగ్గరగా ఉంటుందా? చెప్పండి.