సంతలో నెట్ లేకపోయినా కేటలాగు తెరుచుకోవాలంటే ఫైళ్లు మన దగ్గర ఉండాలా, బయటి సర్వరులోనా?

ప్రశ్న: నాగావళి (పొందూరు)

అందరికీ నమస్కారం. మా నేత సంఘం తయారు చేసే ఖద్దరు చీరలు, పంచెల కేటలాగును నేనే ఒక చిన్న వెబ్‌సైటుగా నడుపుతున్నాను. మొత్తం 42 పేజీలు, అన్నీ చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్. ఇదే కేటలాగు నెట్‌లోనూ ఉండాలి, సంతలకూ ప్రదర్శనలకూ వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవు నుంచీ తెరుచుకోవాలి. నా ఇబ్బంది అంతా ఈ రెండింటి మధ్యే.

దసరా తరువాత విజయనగరంలో సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర్లో ఒక బల్ల వేసుకున్నాం. లక్షల్లో జనం వచ్చే రోజు కావడంతో ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా డేటా మాత్రం అంగుళం కదలలేదు. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోనే ఉన్నాయి కదా అన్న ధీమాతో ఒక పెద్దావిడకు కేటలాగు తెరిచి చూపించబోతే, పేజీ చాలాసేపు తెల్లగా ఉండిపోయి, ఆ తరువాత అక్షరాలు వేరే రూపంలో వచ్చి, ధరల వరుస పక్క గడిలోకి జారిపోయింది. బొమ్మల గుర్తులు ఉండవలసిన చోట ఖాళీ పెట్టెలు కనిపించాయి. వాలుగ చేప దవడతో దూది ఏకుతున్న ఫొటో ఉండవలసిన చోట ‘వాలుగ దవడతో దూది ఏకుతున్న దృశ్యం’ అన్న అక్షరాలు మాత్రమే మిగిలాయి. ఆవిడ ఆ వాక్యాన్ని ఓపికగా చదివి, ‘దృశ్యం ఏది బాబూ?’ అని అడిగి వెళ్లిపోయారు.

నేను చేసిందేమిటంటే, ఫొటోలను ఒక ఉచిత హోస్టింగులో ఉంచి, గూగుల్ ఫాంట్స్ నుంచి శీర్షికలకు గురజాడ, మిగతా పాఠానికి మండలి తీసుకున్నాను. సంతకు వెళ్లే ముందు ఆ ఫాంట్ల సీఎస్ఎస్‌ను (పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైలును) దించుకుని, 42 పేజీల్లోనూ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘వెతికి మార్చు’ పద్ధతిలో చిరునామాలు మార్చాను. ఇంటి దగ్గర పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే కనిపించాయి. సంత నుంచి తిరిగి వచ్చాక మళ్లీ వెనక్కు మార్చేటప్పుడు రెండు పేజీలు మరిచిపోవడంతో నెట్‌లోనూ వాటి అక్షరాల రూపం చెడింది. ఇంటి దగ్గర పనిచేసినది అక్కడ ఎందుకు పనిచేయలేదో, ఈ మార్పిడిని ప్రతిసారీ చేత్తో చేయకుండా ఎలా గట్టెక్కాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: చంపావతి (గజపతినగరం)

నాగావళి గారూ, మొదటి ప్రశ్నకు జవాబు మీ మాటల్లోనే ఉంది: మీరు దించుకున్నది సీఎస్ఎస్‌ను మాత్రమే, ఫాంట్లను కాదు. గూగుల్ ఫాంట్స్ ఇచ్చే ఆ చిన్న సీఎస్ఎస్ ఒక సర్వరు నుంచి వస్తుంది, దాని లోపల రాసి ఉన్న అసలు ఫాంటు ఫైళ్లు మరో సర్వరు నుంచి వస్తాయి. సీఎస్ఎస్‌ను పెన్‌డ్రైవులో పెట్టుకున్నా, అది తెరుచుకోగానే ఫాంటు కోసం మళ్లీ నెట్‌కే పరుగెడుతుంది. ఇంటి దగ్గర నెట్ ఉంది, పైగా బ్రౌజరు ఆ ఫాంట్లను ఎప్పుడో దాచుకుని ఉంది, కాబట్టి లోటు కనబడలేదు. సంతలో ఫాంటు దొరకకపోయేసరికి విండోస్‌లో ముందే ఉండే నిర్మల యూఐతో తెలుగు కనిపించింది. దాని వరుసల ఎత్తూ అక్షరాల వెడల్పూ వేరు కనుక ధరలు పక్కకు జారాయి. గుర్తుల ఫాంటుకు మాత్రం విండోస్‌లో ప్రత్యామ్నాయం ఉండదు, అందుకే పెట్టెలు.

ఫాంట్లను సరిగ్గా దించుకోవడంలో మరో చిక్కు ఉంది. ఆ సీఎస్ఎస్‌ను తెరిచి చూస్తే ఒక్కో ఫాంటుకు ఒకటి కంటే ఎక్కువ విభాగాలు కనిపిస్తాయి. తెలుగు అక్షరాల విభాగంలో యూనికోడ్ (అక్షరాలకు ఇచ్చిన సంఖ్యలు) 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకూ ఉన్న వరుస, దానితోపాటు ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లును విడిగా నిలబెట్టే కనిపించని గుర్తు 200సీ ఉంటాయి. 1, 2, 3 అంకెలు మాత్రం లాటిన్ (ఇంగ్లీషు అక్షరాల) విభాగంలో ఉంటాయి. చాలామంది పైనున్న తెలుగు ఫైలును దించుకుని పని అయిపోయిందనుకుంటారు. పాఠమంతా మండలిలో వచ్చి, ధరలు మాత్రం వేరే ఫాంటులో వస్తాయి. మీ కేటలాగులో ముఖ్యమైనవి ధరలే కాబట్టి రెండు ఫైళ్లూ దించుకోండి. కమాండుతో దించుకునేవారికి ఒక హెచ్చరిక: ఆ సర్వరు అడిగే బ్రౌజరును బట్టి సీఎస్ఎస్‌ను మార్చి ఇస్తుంది. పాత బ్రౌజరనో కమాండనో అనుకుంటే వాఫ్2 (కుదించిన ఫాంటు ఫైలు) బదులు బరువైన టీటీఎఫ్ ఫైలు చేతికిస్తుంది.

ఫాంటు పరిమాణం తగ్గించాలని ఏదో పనిముట్టుతో కొన్ని అక్షరాలనే కత్తిరించి ఉంచుకునే ప్రయత్నం చేయవద్దని నా సలహా. ఒత్తులు కలిపే పట్టికలు అందులో తెగిపోతే ‘స్త్రీ’ అన్న మాట విడివిడి ముక్కలుగా కనిపిస్తుంది. అది నేను చేసిన తప్పే, ఒక పెళ్లి శుభలేఖ పేజీలో. గురజాడ, మండలి రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే కనుక మీ దగ్గర ప్రతి ఉంచుకోవడానికి అడ్డేమీ లేదు. లైసెన్సు పాఠాన్ని కూడా అదే ఫోల్డరులో ఉంచితే చాలు.

జవాబు 2: వంశధార (నరసన్నపేట)

చంపావతి గారు ఫాంట్ల సంగతి తేల్చారు కాబట్టి నేను మార్పిడి గురించే రాస్తాను. 42 పేజీల్లో చిరునామాలు వెతికి మార్చడం మనిషి చేయవలసిన పని కాదు. ప్రతి పేజీలోనూ ఫైలు చిరునామా మొదట ‘ఫైళ్ల మూలం’ అనే అర్థం వచ్చే ఒకే గుర్తును, మామూలు పాఠంలో ఎక్కడా రాని విధంగా, పెట్టుకోండి. మూల పేజీలను ఒక ఫోల్డరులో ఉంచి, పైథాన్‌లో ఇరవై వరుసల స్క్రిప్టు రాసుకుంటే, అది వాటిని చదివి రెండు ఫోల్డర్లు తయారు చేస్తుంది: ఒకదానిలో ఆ గుర్తు స్థానంలో పెన్‌డ్రైవుకు సరిపడే సాపేక్ష చిరునామా (ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కించేది), రెండోదానిలో బయటి సర్వరు చిరునామా. తయారైన ఫోల్డర్లను ఎప్పుడూ చేత్తో తాకకూడదు. ఏ మార్పయినా మూలంలోనే చేసి, రెండింటినీ మళ్లీ తయారు చేయాలి. ‘వెనక్కు మార్చడం’ అన్న పనే ఉండదు కనుక రెండు పేజీలు మరిచిపోవడమన్నదీ ఉండదు.

సీఎస్ఎస్ లోపలి చిరునామాలకు ఈ గుర్తు అవసరం లేదు. అక్కడ రాసిన సాపేక్ష చిరునామాను బ్రౌజరు పేజీ ఉన్న చోటు నుంచి కాక, ఆ సీఎస్ఎస్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కిస్తుంది. ఫాంట్లను సీఎస్ఎస్ పక్కనే ఒక ఉపఫోల్డరులో పెడితే, సీఎస్ఎస్ ఎక్కడికి వెళితే ఫాంట్లు అక్కడికి వెళతాయి. అయితే బయటి సర్వరు వేరే డొమైనులో (వెబ్ చిరునామాలో) ఉంటే, ఫాంట్లను ఇతర సైట్లు వాడుకోవచ్చునని అనుమతించే హెడరు (ఫైలుతోపాటు సర్వరు పంపే సూచన) దాని దగ్గర ఉండాలి. మామూలుగా పేజీలో పెట్టిన ఫొటోలకు ఈ నిబంధన లేదు, ఫాంట్లకు ఉంది. ఫొటోలు వచ్చి ఫాంట్లు రాకపోతే మొదట అనుమానించవలసింది దీన్నే.

పేజీ మొదట్లో బేస్ అనే ట్యాగు పెట్టి చిరునామాలన్నీ ఒక్క దెబ్బతో మళ్లించమని కొందరు సలహా ఇస్తారు. దాని జోలికి పోకండి. అది ఫొటోలతోపాటు లింకులను కూడా మళ్లిస్తుంది, చివరికి అదే పేజీలో కిందికి తీసుకువెళ్లే ‘ధరల పట్టిక’ లింకు కూడా బయటి సర్వరుకు ఎగిరిపోతుంది.

పెన్‌డ్రైవులో ఉంచే ప్రతి (కాపీ) విషయంలో ఇంకొక మాట. సీడీఎన్‌ల (తయారు ఫైళ్లను అందరికీ అందించే బయటి సర్వర్ల) నుంచి తెచ్చుకున్న స్క్రిప్టు ట్యాగులో ఇంటెగ్రిటీ, క్రాస్‌ఆరిజిన్ అనే రెండు గుణాలు ఉంటాయి. చిరునామాను మాత్రం స్థానిక ఫైలుకు మార్చి ఆ రెండింటినీ అలాగే వదిలేస్తే, ఫైలుపై రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు క్రోమ్ ఆ స్క్రిప్టును అడ్డుకుంటుంది. అందువల్ల మీ పైథాన్ స్క్రిప్టు పెన్‌డ్రైవు ప్రతిలో ఆ రెండింటినీ తీసివేయాలి. రెండు స్లాష్‌లతో మొదలయ్యే చిరునామాలు కూడా ఉండకూడదు, ఎందుకంటే డిస్కు నుంచి తెరిచిన పేజీలో అవి నెట్‌ను కాక డిస్కునే వెతుకుతాయి. ఇవన్నీ తలనొప్పి అనుకుంటే పైథాన్‌తోపాటే వచ్చే చిన్న వెబ్ సర్వరును ల్యాప్‌టాప్‌లో నడిపి 8000 పోర్టులో పేజీ తెరవవచ్చు. కానీ సంతలో బల్ల దగ్గర కూర్చునేది ఎప్పుడూ మీరే కాకపోవచ్చు, కాబట్టి రెండుసార్లు నొక్కితే తెరుచుకునే ప్రతే మేలు.

జవాబు 3: మహేంద్రతనయ (సోంపేట)

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే, ‘మరి బయటి సర్వరు ఎందుకు?’ అన్న ప్రశ్నను కూడా తేల్చుకోవాలని అనుకుంటున్నాను. ఒకప్పుడు జేక్వెరీ వంటి లైబ్రరీలను (పేజీల్లో వాడుకునే తయారు స్క్రిప్టులను) అందరూ ఒకే సీడీఎన్ నుంచి తెచ్చుకుంటే, వేరే సైటులో ఒకసారి దిగిన ఫైలు మన సైటుకూ పనికొస్తుందని చెప్పేవారు. ఇప్పుడు ఆ లాభం లేదు. సఫారీ 2013 నుంచే, క్రోమ్ 2020 అక్టోబరులో వచ్చిన 86వ వెర్షన్ నుంచి, ఫైర్‌ఫాక్స్ 2021 జనవరిలో వచ్చిన 85వ వెర్షన్ నుంచి, దాచుకున్న ఫైళ్లను ఏ సైటుకు ఆ సైటుగా విడదీసి ఉంచుతున్నాయి. వేరొకరి సైటు కోసం దిగిన జేక్వెరీ మీ పేజీకి అక్కరకు రాదు.

ప్రమాదం మాత్రం మిగిలింది. పాత బ్రౌజర్లకు కొత్త సౌకర్యాలు అందించే స్క్రిప్టు ఇచ్చిన పాలీఫిల్ డాట్ ఐఓ డొమైను చేతులు మారిన కొన్ని నెలలకే, 2024 జూన్‌లో, దాని స్క్రిప్టును వాడుతున్న లక్షకు పైగా సైట్లలోకి హానికరమైన కోడు వెళ్లింది. సైట్ల యజమానులు తమ పేజీల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఇంటెగ్రిటీ గుణం ఉంటే ఫైలు మారిన వెంటనే బ్రౌజరు దాన్ని తిరస్కరిస్తుంది కానీ, ఆ సేవ బ్రౌజరును బట్టి వేర్వేరు ఫైళ్లు ఇచ్చేది కనుక అక్కడ ఆ రక్షణ కుదిరేది కాదు. అందుకని స్క్రిప్టులూ సీఎస్ఎస్‌లూ ఫాంట్లూ నెట్ ప్రతిలో కూడా మీ సొంత సర్వరులోనే ఉంచడం మంచిది. ఫొటోలు ఎక్కువ బరువు కాబట్టి వాటిని మాత్రమే బయట ఉంచండి. వాటి అసలు ప్రతి ఎప్పుడూ మీ దగ్గర ఉండాలి, బయట ఉన్నది దాని నకలు కావాలి. మీ వర్ణనను బట్టి మీరు దీన్ని తలకిందులుగా చేసినట్టు కనిపిస్తోంది.

‘ముందు బయటి సర్వరును అడిగి, దొరకకపోతే స్థానిక ప్రతిని తీసుకో’ అనే పద్ధతిని కూడా ఎవరైనా సూచిస్తారేమో. నెట్ పూర్తిగా లేనప్పుడు అది బాగానే పనిచేస్తుంది. సిరిమాను రోజున మీకు ఎదురైనట్టు, సిగ్నల్ ఉండి డేటా కదలని చోట బ్రౌజరు ‘లేదు’ అన్న జవాబు కోసమే నిమిషాల తరబడి ఎదురు చూస్తుంది. మీరు చూసిన ఆ తెల్ల పేజీ అదే. ఎక్కడి ప్రతి వాడాలన్నది పేజీ తెరుచుకునేటప్పుడు కాక, ఇంటి దగ్గర తయారు చేసేటప్పుడే నిర్ణయం కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత మా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకపోయినప్పటి నుంచి, నా లెక్కల పేజీలన్నీ నెట్‌ను అడగకుండా తెరుచుకునేలా మార్చుకున్నాను.

పరీక్ష విషయం: వైఫై ఆపి, ఇన్‌కాగ్నిటో కిటికీలో పేజీ తెరిచి చూడండి. మామూలు కిటికీలో దాచుకున్న పాత ఫైళ్లు మిమ్మల్ని మళ్లీ మోసం చేస్తాయి.

నాగావళి (పొందూరు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. మహేంద్రతనయ గారి అనుమానం నిజమే, నేను ఫొటోలను ఉచిత హోస్టింగులోకి ఎక్కించి, జాగా కోసం ల్యాప్‌టాప్‌లో తుడిచేశాను. మొదటి రెండు రోజులూ వాటిని తిరిగి దించుకోవడానికే సరిపోయాయి. అవి అక్కడ కుదించబడి ఉండటంతో అంచు జరీ ఉన్న చీరలు మాత్రం మళ్లీ ఫొటో తీయవలసి వచ్చింది.

వంశధార గారు చెప్పినట్టే స్క్రిప్టు రాసి రెండు ఫోల్డర్లు తయారు చేశాను. పెన్‌డ్రైవు ప్రతి వెంటనే పనిచేసింది. నెట్ ప్రతిలో మాత్రం తొమ్మిది ఫొటోలు రాలేదు, అవే ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తున్నాయి. గంటన్నర తల పట్టుకున్నాక తెలిసిందేమిటంటే, కెమెరా ఆ ఫైళ్ల పేర్ల చివర జేపీజీని పెద్ద అక్షరాలతో రాసింది, పేజీల్లో నేను చిన్న అక్షరాలతో రాశాను. విండోస్ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది, లినక్స్ సర్వరు చూడదు. ఇప్పుడు పేర్లన్నింటినీ చిన్న అక్షరాలకు మార్చే వరుసను స్క్రిప్టులోనే చేర్చాను.

నిన్న రాత్రి వైఫై ఆపి ఇన్‌కాగ్నిటోలో 42 పేజీలూ తెరిచాను. ‘మమ్మల్ని చేరడానికి’ పేజీలో పటం పెట్టె ఒక్కటే ఖాళీగా ఉంది. దాన్ని తీసేసి, ఆమదాలవలస స్టేషనులో దిగి పొందూరు ఎలా రావాలో నాలుగు వాక్యాల్లో రాసి పెట్టాను.