సమస్యాపూరణం: “అర్ధరాత్రి మింట నర్కుఁ డొప్పె”

నిర్వాహకుడు: పై సమస్యే చివరి పాదంగా వచ్చేలా పద్యం పూర్తి చేయాలి. ఈ వారం ఛందస్సు ఆటవెలది. విషయం నార్వే యాత్ర. “అనుట కల్ల”, “కలను గంటి” అని తప్పించుకోవద్దు. అర్ధరాత్రి ఆకాశంలో సూర్యుడు వెలిగాడనే ఈ మాట మనకు అసంభవంగా వినిపించినా అక్కడ ఏటా జరిగేదే. ఏ ఊరో, ఏ కాలమో పద్యంలో చెబితే చిక్కు దానంతటదే విడిపోతుంది.

పద్యపథికుడు:
నార్వెదేశమందు నార్డుకాప్ కొనమీద
జూను నెలను నిలిచి చూచినాము
ఉత్తరంపు దిక్కు నొరగియు మున్గఁడే!
అర్ధరాత్రి మింట నర్కుఁ డొప్పె

నిర్వాహకుడు: ఊరూ నెలా రెండూ వచ్చాయి. మూడో పాదం మరీ నచ్చింది. అక్కడ నడిరేయి సూర్యుడు కనిపించేది ఉత్తరం దిక్కునే. సముద్రానికి కాస్త పైదాకా ఒరిగి, మునగకుండా మళ్లీ పైకి వెళతాడు. జూ–చూ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) సరిగ్గా ఉంది.

కొబ్బరాకు: చిన్న అభ్యంతరం. నార్డ్‌కాప్‌ను యూరప్ ఉత్తరపు కొన అంటారు కానీ, అదే దీవిలో పక్కనున్న క్నివ్‌షెలొడ్డెన్ ఇంకా ఉత్తరానికి ఉంది. “కొన” చెల్లుతుందా?

పద్యపథికుడు: నేనన్నది కొండకొన అండీ. 307 మీటర్ల ఎత్తున, నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే కొండ అది.

నిర్వాహకుడు: చెల్లుతుంది. వెళ్లేవారికి ఒక మాట: సూర్యుడు అస్తమించకపోయినా పొగమంచు కమ్మితే కనిపించడు. ఒక్క రాత్రి మాత్రమే పెట్టుకుని వెళ్లకండి.

కొబ్బరాకు: ఇదిగో నాది.
శిలల తోటఁ జూచి చెలులతో నోస్లోన
జూను మాసమందు సోకు మీఱ
తిరిగి తిరిగి యలసి తెరదీసి చూడఁగా!
అర్ధరాత్రి మింట నర్కుఁ డొప్పె

నిర్వాహకుడు: ఓస్లోలోని విగెలాండ్ పార్కులో రెండు వందలకు పైగా శిల్పాలున్నాయి కనుక “శిలల తోట” అందంగా కుదిరింది. హోటల్ గదిలో తెర తీసి చూడటం ఇంకా సహజం. కానీ పూరణ నిలవదు! ఓస్లో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. నడిరేయి సూర్యుడు కనిపించాలంటే ధ్రువవృత్తం, అంటే సుమారు 66.5 డిగ్రీలు, దాటాలి. ఓస్లోలో జూన్‌లో కూడా రాత్రి పదిన్నర దాటాక సూర్యుడు అస్తమిస్తాడు. వెలుతురు మిగిలి ఉంటుంది, అర్కుడు ఉండడు.

కొబ్బరాకు: అయితే శిల్పాలు వదిలేసి చేపలు పట్టుకుంటాను. మొదటి పాదం ఇలా మారుస్తున్నాను:
మీను లెండఁగట్టు మ్రానుల లోఫొటెన్

నిర్వాహకుడు: శభాష్! మీను–మ్రాను ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు). లోఫొటెన్ దీవులు ధ్రువవృత్తానికి ఎగువనే ఉన్నాయి కాబట్టి భూగోళం కూడా ఒప్పుకుంది. శీతాకాలం చివర పట్టిన కాడ్ చేపలను ఉప్పు వేయకుండా, చల్లగాలికే ఆ కర్రల మీద ఆరబెడతారు. వేసవి వచ్చేసరికి దించేస్తారు. మీరు వెళ్లేసరికి కర్రలే మిగిలి ఉండొచ్చు, వాసన సంగతి చెప్పలేను.

వెన్నెలదారి:
పచ్చ వెలుఁగు తెరలు పరచుకొన్ రేయిని
చూచి మురియుచుండఁ జుట్టు జనులు
ట్రోమ్సొ పురమునందు తోడనే యదె చూడు
అర్ధరాత్రి మింట నర్కుఁ డొప్పె

నిర్వాహకుడు: మొదటి పాదం ఎంత బాగుందో! అయితే ట్రో–తో యతి కుదరదు, ఒకటి ట వర్గం, ఇంకొకటి త వర్గం. “రూఢిగా నదె చూడు” అంటే ట్రోలోని రకారంతో చెల్లుతుంది. అసలు చిక్కు వేరే. మీ పచ్చ వెలుగు తెరలు, అంటే ధ్రువకాంతులు, కనబడాలంటే ఆకాశం చీకటిగా ఉండాలి. అవి సుమారు సెప్టెంబరు నుంచి మార్చి దాకా. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో నడిరేయి సూర్యుడు మే మూడోవారం నుంచి జూలై మూడోవారం దాకా. రెండూ ఒకే రాత్రి కనబడవు.

వెన్నెలదారి: కవికి ఆమాత్రం స్వేచ్ఛ లేదా?

నిర్వాహకుడు: మామూలు పద్యంలో ఉంది. సమస్య అసంభవం, దాన్ని ఇంకో అసంభవంతో విప్పితే ముడి మీద ముడి పడుతుంది. ఒకే టికెట్‌తో రెండూ చూపిస్తామనే టూర్ ప్యాకేజీ ఎవరైనా అమ్మితే కూడా నమ్మకండి.

ధ్రువతార: నేను ఉండేది ట్రోమ్సోలోనే.
నిద్రలేచి యచట నిడదవోలున బామ్మ
పిలిచె ఫోనులోన, వింత జూప
నమ్మ దేమి సేతు! నా ట్రోమ్సొ వాకిట
అర్ధరాత్రి మింట నర్కుఁ డొప్పె

పద్యపథికుడు: అద్భుతం. అక్కడ వేసవిలో పన్నెండంటే మనకు తెల్లవారుజాము మూడున్నర. బామ్మగారు లేచే వేళే!

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు దీనికే. పి–వి యతి చక్కగా పడింది. “వాకిట” ద్రుతాంతం (చివర నకారం చేరగల పదం), తర్వాత అచ్చు వచ్చింది కనుక “నర్ధరాత్రి” కావాలి; సమస్య మొదటి అక్షరం మార్చలేం కనుక పాదాంతమని సరిపెట్టుకుందాం. నెల చెప్పలేదు, అది లోపమే. అయినా నమ్మని బామ్మ వచ్చాక నెల ఎవరు అడుగుతారు?

ధ్రువతార: ధన్యవాదాలండీ. ఇంకో సంగతి. వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం వల్ల ఇక్కడ సూర్యుడు బాగా కిందికి దిగేది పన్నెండుకి కాదు, దాదాపు ముప్పావు గంట తర్వాత. ఫొటోలు తీసేవాళ్లు పన్నెండు కొట్టగానే బస్సెక్కేయకండి.

నిర్వాహకుడు: వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: “పట్టపగలు చుక్క పలుకరించె”. ట్రోమ్సోలో నవంబరు ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు, పూరణకు ఆ దారి ఉంది. కానీ మిట్టమధ్యాహ్నం కాసేపు నీలివెలుగు ఉంటుంది, వేళ చూసుకుని రాయండి.